చిన్న కూతుళ్ళతో తాహో సరస్సు దగ్గర రెండు రాత్రుల క్యాంపింగ్: ఎలా చేయాలి

బడి సెలవులు దగ్గరపడగానే బే ఏరియాలోని తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మా పాపలు చిన్నవాళ్ళు కదా, టెంటులో పడుకోగలరా?" పడుకోగలరు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్దమ్మాయికి ఏడేళ్ళు, చిన్నమ్మాయికి నాలుగు. ఆ మొదటి రాత్రి ఇద్దరూ చలికి వణికి, ఏడ్చి, చివరకు కారులో పడుకున్నారు. తప్పు పిల్లలది కాదు, మా సామానుది. మరుసటి ఏడాది అదే చోట హాయిగా నిద్రపోయారు. ఆ రెండు ప్రయాణాల మధ్య మేము మార్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని తాహో సరస్సు సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి కారణం మీకే అర్థమవుతుంది. పగలు ఎండ చర్మాన్ని మాడుస్తుంది. రాత్రి చలి పెడుతుంది. జులైలోనూ నీళ్ళు చల్లగా ఉంటాయి. చివరికి అన్నం ఉడకడానికి కూడా ఇంట్లోకంటే ఎక్కువసేపు పడుతుంది.

కావలసినవి

టెంటు, స్టవ్, కూలర్ అందరికీ గుర్తుంటాయి. అందుకే వాటి గురించి క్లుప్తంగా చెప్పి, మరచిపోయేవాటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

- ఆరుగురికి సరిపోయే టెంటు. నలుగురి టెంటు అని రాసి ఉన్నదాంట్లో నలుగురు ఇరుక్కుని పడుకోవాలి, బ్యాగులకు చోటుండదు.
- ఒక్కొక్కరికి స్లీపింగ్ బ్యాగ్, దాని కింద పరవడానికి మందపాటి ఫోమ్ పరుపు. పరుపు లేని స్లీపింగ్ బ్యాగ్ సగం పనే చేస్తుంది. చలి ఎక్కువగా నేల నుంచే ఎక్కుతుంది.
- అమ్మాయిల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు. అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్నట్టు లోపలి లేబుల్ మీద రాసి ఉండాలి.
- ప్రతి అమ్మాయికీ సొంత హెడ్‌ల్యాంప్, మెడలో వేసుకునే ఈల.
- పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునే పొడి బట్టల జత, ఉన్ని టోపీ, మందపాటి మేజోళ్ళు. వీటిని విడిగా ఒక సంచిలో కట్టి, పగలు ముట్టుకోకండి.
- మూత ఉన్న చిన్న పాటీ, అంటే పిల్లలు కూర్చునే చిన్న టాయిలెట్. ఐదేళ్ళలోపు పాప ఉంటే దీన్ని వదిలేయకండి.
- సన్‌స్క్రీన్, దోమల మందు, పిల్లల జ్వరం మందు, ప్లాస్టర్లు, ముల్లు తీసే చిమటా.
- రెండు చిన్న బకెట్లు. ఒకటి గిన్నెలకు, ఒకటి మంట ఆర్పడానికి.

1. చోటు ఆరు నెలల ముందే పట్టుకోండి

జులై రెండో వారంలో వెళ్ళాలంటే జనవరి రెండో వారంలోనే బుక్ చేయాలి. షుగర్ పైన్ పాయింట్, డి.ఎల్. బ్లిస్ లాంటి రాష్ట్ర పార్కులు రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైటులో ఉంటాయి. అక్కడ ఆరు నెలల తరువాతి తేదీ ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. నెవాడా బీచ్, మీక్స్ బే, ఫాలెన్ లీఫ్ లాంటి ఫారెస్ట్ సర్వీసు క్యాంపులు రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఉంటాయి, అవి ఉదయం 7కే తెరుచుకుంటాయి. వారాంతాలు నిమిషాల్లో అయిపోతాయి. ముందురోజే ఖాతా తెరిచి, కార్డు వివరాలు ఎక్కించి పెట్టుకోండి. ఆ ఏడాది మరమ్మతుల కోసం పార్కు మూసి ఉందేమో కూడా చూసుకోండి.

చిన్నపిల్లలున్నవాళ్ళకు నా సలహా: అందం తరువాత, దూరం ముందు. నెవాడా బీచ్‌లో టెంటు నుంచి ఇసుక ఒడ్డుకు నడిచి వెళ్ళిపోవచ్చు. షుగర్ పైన్ పాయింట్‌లో క్యాంపు హైవేకు ఒకవైపు, సరస్సు మరోవైపు. తడిసి అలసిన నాలుగేళ్ళ పాపను ఎత్తుకుని తిరిగి రావలసినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సైటు, అంటే మీ టెంటు వేసే చోటు, ఎంచుకునేటప్పుడు మ్యాపులో టాయిలెట్ ఎక్కడుందో చూడండి. మరీ పక్కనే వద్దు, రాత్రంతా తలుపు చప్పుడు. రెండు మూడు సైట్లు దాటి ఉంటే సరిగ్గా సరిపోతుంది.

చోటు దొరకకపోతే ఆశ వదులుకోకండి. వెళ్ళే వారం ముందు రద్దయినవి మళ్ళీ కనిపిస్తాయి. వారం మధ్యలో, అంటే ఆదివారం నుంచి మంగళవారం దాకా వెళ్ళగలిగితే ఇంకా సులువు.

2. ముందుగా ఇంటి పెరట్లో ఒక రాత్రి

పెరడు లేకపోతే హాలులోనే టెంటు వేయండి. ఇది ఆట కాదు, పరీక్ష. అమ్మాయిలే కర్రలు గుచ్చాలి, అమ్మాయిలే జిప్పు తీసి మూయాలి. చీకట్లో ఆ జిప్పు తనంతట తాను తీయగలనని తెలిసిన పాప రాత్రి భయపడదు. టెంటు అరుగుదల, పోయిన మేకులు, గాలి పోతున్న పరుపు అన్నీ ఈ రాత్రే బయటపడతాయి. మా చిన్నమ్మాయి స్లీపింగ్ బ్యాగ్ జిప్పు పాడైందని మాకు ఇలాగే తెలిసింది.

సరి చూసుకునే పద్ధతి: మీరు చేయి వేయకుండా పిల్లలు టెంటులోకి వెళ్ళి, దీపం వెలిగించి, బూట్లు విప్పి ఒకచోట పెట్టి, మళ్ళీ బయటికి రాగలగాలి. రాలేకపోతే మరోసారి.

3. వంట సగం ఇంట్లోనే ముగించండి

ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 94 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. పప్పు కావాలంటే రెండు లీటర్ల చిన్న కుక్కరు తీసుకువెళ్ళండి, లేదా ఇంట్లో ఉడికించి, గడ్డకట్టించి డబ్బాలో పెట్టండి. ఆ గడ్డ కూలర్‌లో ఐసు పనీ చేస్తుంది.

మా ఇంట్లో నడిచే వరస ఇది. మొదటి రోజు పులిహోర, పెరుగు. రెండో రోజు ఉదయం ఉప్మా: రవ్వను ఇంట్లోనే తాలింపుతో సహా వేయించి డబ్బాలో పోసుకుంటే అక్కడ మరిగే నీళ్ళు చాలు. మధ్యాహ్నం చపాతీలు, బంగాళదుంప కూర. రాత్రి గడ్డకట్టించిన పప్పు, వేడి అన్నం, అప్పడాలు. మూడో రోజు రొట్టె, పండ్లు. బియ్యం అరగంట నానబెట్టి, నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి, మూత మీద బరువు పెట్టి ఉడికించండి.

మంట మీద కాల్చుకునే మెత్తటి మిఠాయిలు, మార్ష్‌మాలోల గురించి ఒక మాట. మామూలు వాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. శాకాహారులైతే పొట్లం మీద చూసి, జెలటిన్ లేనివి కొనండి. అవి దొరకకపోతే మొక్కజొన్న పొత్తులు కాల్చి, ఉప్పు, కారం, నిమ్మకాయ రుద్ది ఇవ్వండి. మా పిల్లలకు అవే ఇష్టం.

కూలర్‌లో చేసే తప్పు: రోజుకు ఇరవైసార్లు తెరవడం. నీళ్ళ సీసాలకు ఒక కూలర్, పెరుగు, పాలకు మరొకటి పెట్టండి. లోపల చిన్న థర్మామీటర్ ఉంచి, అది 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పాల పదార్థాలు పారేయండి. పిల్లల కడుపు దగ్గర పొదుపు వద్దు.

4. ప్రయాణం

ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు నుంచి రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటలు. శుక్రవారం సాయంత్రం ఆరేడు గంటలు కూడా పట్టవచ్చు. ఉదయం ఆరుకు బయలుదేరండి. చీకటి పడ్డాక చేరి, ఏడుస్తున్న పిల్లల మధ్య టెంటు వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కొండ రోడ్డు మొదలయ్యే ముందు పాలు, నూనె వస్తువులు పెట్టకండి, వాంతులవుతాయి. చేరిన రోజు తలనొప్పి, నీరసం కనిపిస్తే ఎత్తు కారణం కావచ్చు. నీళ్ళు తాగించి, ఆ రోజు ఎక్కువ తిప్పకుండా ఉంచండి.

అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకువెళ్ళండి. కానీ వాళ్ళకు నేల మీద పరుపు వేయకండి, తెల్లవారుజామున లేవలేరు. మడత మంచం, ఇంకో దుప్పటి కావాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళయితే ఎత్తు గురించి డాక్టరును ముందే అడగండి.

5. టెంటు ఎక్కడ వేయాలి

మొదట పైకి చూడండి. ఎండిన కొమ్మ వేలాడుతుంటే దాని కింద వేయకండి. తరువాత కిందకు చూడండి. పైన్ కాయలు, రాళ్ళు ఏరే పని అమ్మాయిలకు ఇవ్వండి, ఇష్టంగా చేస్తారు. పల్లం వద్దు. వంట బల్ల నుంచి వీలైనంత దూరం. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా పై గుడ్డ కప్పండి. అది వానకే కాదు, మంచుకూ చలికీ అడ్డు. మేకులకు కట్టిన తాళ్ళకు రంగు రిబ్బన్లు కట్టండి, లేకపోతే పరుగెత్తే పిల్లలు వాటికి తగిలి పడతారు.

6. వాసన వచ్చే ప్రతిదీ ఇనుప పెట్టెలోకి

తాహోలో నల్ల ఎలుగుబంట్లు మామూలే. అవి కారు తలుపు పిడి లాగి తెరవడం నేర్చుకున్నాయి. ప్రతి సైటులో ఉండే బేర్ బాక్సే, అంటే ఎలుగు తెరవలేని ఇనుప పెట్టే, మీ వంటగది. కారు కాదు, టెంటు అసలే కాదు.

తెలుగు ఇళ్ళవాళ్ళు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. తిండి పెట్టెలో పెడతారు, కొబ్బరినూనె సీసా టెంటులోకి తీసుకువెళతారు. ఎలుగుకు రెండూ ఒకటే. పెట్టెలో చేరవలసినవి: ఆవకాయ సీసా, పొడులు, కొబ్బరినూనె, టూత్‌పేస్టు, సబ్బు, పౌడరు, సన్‌స్క్రీన్, పెదాల క్రీము, తడి తుడుపు కాగితాలు, చెత్త సంచి, కారు సీటు మడతల్లో పడిన బిస్కెట్ ముక్కలు.

పడుకునే ముందు తనిఖీ ఇలా చేయండి. పిల్లల చేతులు, మూతి కడగాలి. పగటి బట్టలు మార్చాలి. జేబులు తిరగేయాలి, ఎందుకంటే చాక్లెట్ కాగితాలు అక్కడే ఉంటాయి. తరువాత టెంటులో తల పెట్టి గట్టిగా వాసన పీల్చండి. మీకు ఏదైనా వాసన తగిలితే ఎలుగుకు తప్పకుండా తగులుతుంది.

ఎలుగు కనిపిస్తే పరుగెత్తకండి. చిన్నమ్మాయిని ఎత్తుకోండి, పెద్దమ్మాయిని మీ పక్కకు లాక్కోండి, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి నడవండి. ఉడుతల జాతివాటి విషయంలోనూ కచ్చితంగా ఉండండి. చారల చిప్‌మంకులు ముద్దుగా ఉంటాయి, పిల్లలు పల్లీలు పెట్టబోతారు. 2021 ఆగస్టులో తాహో దక్షిణ తీరంలో చిప్‌మంకులలో ప్లేగు కనబడి, టేలర్ క్రీక్ సందర్శక కేంద్రాన్ని కొద్ది రోజులు మూశారు. పెట్టవద్దు, ముట్టవద్దు.

7. నీళ్ళ దగ్గర

ఇక్కడ నిదానంగా చదవండి.

మొదటిది చలి. వేసవి నడిమధ్యలో కూడా పైనీళ్ళు 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. జూన్‌లో ఇంకా చల్లన. మన పిల్లలకు ఈత వచ్చింది వేడిచేసిన కొలనులో. ఒక్కసారిగా చల్లని నీళ్ళలో పడితే ఊపిరి ఎగబీల్చి, నోట్లోకి నీళ్ళు పోయి, వచ్చిన ఈత కూడా గుర్తుండదు. కాబట్టి దూకనివ్వకండి. మడమలు, మోకాళ్ళు, నడుము, ఇలా మెట్టుమెట్టుగా దింపండి. పది పదిహేను నిమిషాలకు ఒకసారి బయటికి తీసి తువ్వాలు చుట్టండి. పెదాలు నీలంగా మారినా, పళ్ళు టకటకమన్నా, "ఇంకా ఆడతా" అని ఎంత బతిమాలినా ఆ పూటకు నీళ్ళు చాలు.

రెండోది లోతు. నీళ్ళు అద్దంలా ఉంటాయి గనుక అడుగు దగ్గరగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఒడ్డు నుంచి నాలుగడుగులకే నేల జారిపోతుంది. పిల్లలకంటే ముందు మీరు దిగి, నడుము లోతు ఎక్కడిదాకా ఉందో నడిచి చూసి, ఒడ్డున రెండు కర్రలు గుచ్చి హద్దు పెట్టండి.

మూడోది గాలి. ఉదయం సరస్సు నిశ్చలంగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. గాలి నింపిన హంసలు, గుర్రాలు, ట్యూబులు ఆ గాలికి తెరచాపల్లా లోపలికి పోతాయి. వాటిని ఇంట్లోనే వదిలేయండి. నీటి ఆటలు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు లోపే ముగించండి.

లైఫ్ జాకెట్ సరిపోయిందో లేదో ఇలా చూడండి: బకిల్స్ అన్నీ బిగించి, పాప చేతులు పైకెత్తమని చెప్పి, భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. అది గడ్డం దాటి ముఖం మీదికి వస్తే వదులు. ఇంకా బిగించండి, లేదా చిన్న సైజు తీసుకోండి. చేతులకు తొడిగే గాలి బుడగలు దీనికి బదులు కావు. కదిలే పడవలో 13 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలని కాలిఫోర్నియా చట్టం. మా ఇంటి నియమం అంతకంటే గట్టిది: మోకాలి లోతు దాటితే జాకెట్, పడవ ఉన్నా లేకున్నా.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది కాపలా. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళినప్పుడే ప్రమాదం ఎక్కువ. ఎనిమిది మంది పెద్దలుంటే ప్రతివాళ్ళూ మరొకరు చూస్తున్నారనుకుంటారు. మునిగే పిల్లలు కేకలు వేయరు, చేతులు ఊపరు, చప్పుడు లేకుండా జారిపోతారు. అందుకే మేము ఒక ఎర్ర టోపీ పెట్టుకున్నాం. టోపీ ఎవరి తల మీద ఉంటే ఆ పదిహేను నిమిషాలు వాళ్ళదే బాధ్యత. ఫోను లేదు, కబుర్లు లేవు, పుస్తకం లేదు. టోపీ మార్చేటప్పుడు నోటితో చెప్పాలి: "ఇక నువ్వు చూస్తున్నావు." అవతలివారు "చూస్తున్నాను" అన్నాకే లేవాలి.

ఎండ సంగతి: ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, నీళ్ళు, ఇసుక వాటిని తిరిగి ముఖం మీదికి కొడతాయి. చామనఛాయ పిల్లలకు సన్‌స్క్రీన్ అక్కర్లేదని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. కావాలి. పాపిట, చెవులు, మోకాళ్ళ వెనుక మరువకండి. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయండి. దోమల మందు రాయాలంటే సన్‌స్క్రీన్ ఆరిన తరువాత. పిల్లలకు డీట్ అనే రసాయనం 30 శాతం మించనిది చాలు. లెమన్ యూకలిప్టస్ నూనె ఉన్నది మూడేళ్ళలోపువారికి వాడకండి. తడి ఈత బట్టలతో కూర్చోనివ్వకండి, తొడల మధ్య ఒరుసుకుని రాత్రికి మంట పుడుతుంది.

8. తప్పిపోతే ఏం చేయాలో ముందే నేర్పండి

ప్రతి ఉదయం బట్టలు వేయగానే ఇద్దరినీ నిలబెట్టి ఫోనులో ఒక ఫొటో తీయండి, బూటు అడుగులు కూడా. చేతి పట్టీ మీద సైటు నంబరు, మీ ఫోను నంబరు రాయండి. నేర్పవలసింది చిన్న మాట: "దారి తెలియకపోతే దగ్గరి చెట్టును పట్టుకుని కూర్చో, మూడుసార్లు ఈల ఊదు." వెతుక్కుంటూ నడిచేకొద్దీ పిల్లలు దూరమవుతారు. అమెరికాలో చెట్టును పట్టుకోమనే ఈ బోధన 1981లో శాన్ డియాగో ప్రాంతంలో ఒక బాలుడు అడవిలో తప్పిపోయి మరణించాక మొదలైంది. మీరు దాక్కుని, పిల్లల చేత ఒకసారి ఆడించండి. చదివించినదానికంటే ఆడినదే గుర్తుంటుంది.

9. రాత్రి

జులై రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన అంకెను పూర్తిగా నమ్మకండి, చాలావాటిలో అది ముడుచుకుని ఎలాగో నిద్రపట్టే హద్దు, సుఖంగా నిద్రపోయే హద్దు కాదు. పిల్లలకు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాసినది కొనండి. పెద్దవాళ్ళ బ్యాగులో చిన్న పాప పడుకుంటే కాళ్ళ దగ్గర ఖాళీ చల్లబడుతుంది. ఆ ఖాళీలో స్వెటర్లు కూరండి, లేదా కింది భాగం మడిచి తాడుతో కట్టండి.

తినిపించి, పాటీకి పంపి, అప్పుడు పొడి బట్టలు వేయండి. చెమట పట్టిన మేజోళ్ళతోనే బ్యాగులోకి దూరడం చలికి మొదటి కారణం. గట్టి మూత ఉన్న లోహపు సీసాలో వేడినీళ్ళు పోసి, మేజోడులో దూర్చి, పాదాల దగ్గర పెట్టండి. మూత బిగిసిందో లేదో ముందు తలకిందులు చేసి చూడండి.

చలిగా ఉందని స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ టెంటులోకి తీసుకురాకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జిప్పు తెరిచి ఉన్నా సరే, వద్దు.

పిల్లలు వెచ్చగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి చేతులు తాకకండి, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనుక వేళ్ళు పెట్టండి. అక్కడ వెచ్చగా ఉంటే సరే. చల్లగా ఉంటే టోపీ, ఇంకో పొర. తేమగా ఉంటే ఒక పొర తీయండి.

పాటీని పడకల దగ్గర కాక, టెంటు ముందరి గదిలో పెట్టండి. అర్ధరాత్రి పాపను చీకట్లో నడిపించడం కంటే ఇది ఎంతో మేలు. పెద్దమ్మాయి టాయిలెట్‌కే వెళతానంటే తప్పకుండా తోడు వెళ్ళండి.

జడల సంగతి. జుట్టు విరబోసి పడుకుంటే ఉదయానికి చిక్కులు, పైన్ ఆకులు. రెండు జడలు బిగించి అల్లి, పైకి కట్టండి. పగలూ అదే మంచిది, పురుగులు జుట్టులోకి ఎక్కవు. సాయంత్రం జడలు విప్పి, చెవుల వెనుక, పాపిట, మోకాళ్ళ మడతల్లో గోమార్ల కోసం వెతకండి.

10. మంట

కట్టెలు ఇంటి నుంచి తీసుకువెళ్ళకండి. చెట్లను చంపే పురుగులు ఆ కట్టెలతోపాటే కొత్త అడవులకు చేరతాయి. అక్కడి దుకాణంలో కొనండి. కారుచిచ్చు భయం ఎక్కువైన రోజుల్లో మంటలు పూర్తిగా నిషేధిస్తారు, బయలుదేరే రోజు ఉదయం మరోసారి చూసుకోండి. మంట లేకపోతే లాంతరు చుట్టూ కథలు చెప్పండి, పిల్లలకు లోటు తెలియదు.

మంటకు మూడు అడుగుల దూరంలో బూటుతో గీత గీసి, అది దాటకూడదని చెప్పండి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, మళ్ళీ కలపండి. తరువాత బూడిదకు దగ్గరగా చేతి వెనుక వైపు పెట్టి చూడండి. వెచ్చదనం తగిలితే ఇంకో బకెట్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్ద వేళలు, పాటలు ఆలోపే ముగించండి.

11. ఇంటికి వచ్చాక

పైన్ జిగురు జుట్టుకు అంటుకుని ఉంటుంది. కత్తెర తీయకండి. కొబ్బరినూనె రాసి, పది నిమిషాలు ఉంచి, వేళ్ళతో మెల్లగా జారదీయండి. తరువాత కుంకుడుకాయో షాంపూనో. బట్టల మీద జిగురుకూ నూనే పనిచేస్తుంది, మరక కాకుండా వెంటనే సబ్బుతో ఉతకండి.

టెంటును సంచిలో అలాగే వదలకండి. ఆ సాయంత్రమే బాల్కనీలోనో గ్యారేజీలోనో పరిచి ఆరబెట్టండి, తడి ఉంటే వారంలో బూజు పట్టి ఆ వాసన పోదు. మేకులు లెక్కపెట్టండి. మందుల డబ్బాలో అయిపోయినవి ఒక కాగితం మీద రాసి ఆ డబ్బాలోనే పెట్టండి. పిల్లల లైఫ్ జాకెట్ మీద బరువు హద్దు చూసి, వచ్చే వేసవికి అది సరిపోతుందో లేదో అదే కాగితం మీద రాయండి.